పదకొండు అడుగుల అబద్ధం

పోయిన వారం కళ్యాణిని ఇప్పలగూడెం వాగు ఒడ్డున, సర్వే రాయి పక్కన, చేతిలో మిషన్‌తో నిలబెట్టి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. వారం గడిచింది మనకే గానీ ఆమెకు గడిచింది ఒక్క రాత్రే, అదీ నిద్ర లేకుండా.

మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. అడవికీ పట్టా చేలకూ మధ్య హద్దును కొత్తగా కొలిచే పని ఖమ్మంలోని ప్రైవేటు సర్వే ఏజెన్సీ ఒకటి పట్టింది. కొలిచేది శాటిలైట్ మిషన్లతో. ఆ మిషన్లు నిజం చెప్తున్నాయో లేదో ముందు పరీక్షించి, బాగున్నాయని సంతకం పెట్టాల్సింది లైసెన్సు సర్వేయర్ కళ్యాణి. కల్లూరు దగ్గర తండాలో పుట్టి, ఇంట్లో అందరికంటే ఎక్కువ చదువుకుని, మొన్న మొన్ననే లైసెన్సు తెచ్చుకున్న పిల్ల. పరీక్ష అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. స్థానం ముందే తెలిసిన చోట మిషన్ పెట్టాలి. అది చెప్పే స్థానం, రికార్డులో ఉన్న స్థానం ఒకటైతే మిషన్ మంచిది. వాగు రాయి స్థానం పాత రికార్డులో ఉంది. తీరా మిషన్‌ను రాయి నెత్తిన పెడితే, ‘ఇది ఆ చోటు కాదు, ఆ చోటు చేను వైపు పదకొండు అడుగులు లోపలికి ఉంది’ అంది.

పదకొండు అడుగులే కదా అని తీసిపారేయకండి. వాగు రాయి నుంచి గుట్ట కింది రాయి దాకా గీసిన గీతే హద్దు. ఆ గీతకు ఇవతల ఆరడుగుల్లో బొజ్జయ్య బోరు ఉంది. రాయి మాట నిజమైతే బోరు బొజ్జయ్యది. మిషన్ మాట నిజమైతే గీత ఇటు జరిగి బోరు అడవిలోకి పోతుంది. బోరు పోయాక మిగిలిన చేను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అందుకే నిన్న కళ్యాణి బొజ్జయ్యను సూటిగా అడిగింది, ఈ రాయిని ఎవరన్నా జరిపారా అని. “ఎవరూ జరపలే. భూమి మీద ఒట్టు” అన్నాడు బొజ్జయ్య, మన్ను ముట్టుకుని. ఆ మనిషి అబద్ధమాడే రకం కాదు. మరి మిషన్ అబద్ధమాడుతోందా?

ఆ ముక్క తేల్చుకోవడానికే ఇవాళ పొద్దున్నే ఖమ్మం నుంచి ఇంకో మిషన్ తెప్పించింది.

కొత్త మిషన్‌ను నేరుగా రాయి దగ్గరికి తేలేదు. ముందు రోడ్డు వంతెన మీదికి తీసుకుపోయింది. అక్కడ గోడలో ఒక ఇత్తడి బిళ్ళ బిగించి ఉంది, దాని స్థానం కూడా రికార్డులో ఉంది. మిషన్ బిగించిన పోల్ మొన బిళ్ళ మీద ఆనించి, పోల్ నిటారుగా ఉందని చూపే నీటి బుడగ గుండ్రటి గీతలోకి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి, స్క్రీన్ చూసింది. రెండు వేళ్ల మందం తేడా కూడా లేదు. పాత మిషన్ పెట్టింది. అదీ అంతే. రెండూ బంగారం లాంటి మిషన్లు. కళ్యాణికి ప్రాణం లేచి వచ్చింది.

అక్కడి నుంచి వాగు రాయి దగ్గరికి వచ్చి అదే కొత్త మిషన్‌ను రాయి నెత్తిన నిలబెట్టింది. పదకొండు అడుగులు.

“ఏమన్నది బిడ్డా?” బొజ్జయ్య అడిగాడు. తుమ్మ నీడలో గొంతుక్కూర్చుని పొద్దుటి నుంచీ ఆమె మొహమే చూస్తున్నాడు.

“గదే అన్నది పెద్దయ్యా.”

“మిషన్ మారింది గని మాట మారలే. మొండిది.”

“కళ్యాణమ్మ కాడికి చెప్పులేసుకొని పోతే గిట్లనే అయితది” అంది జంపక్క, బొజ్జయ్య పెండ్లాం. మనిషి సన్నగా ఉంటుంది, మాట మాత్రం మోటు. “చెప్పులిడిచి పెట్టి సూడు.”

కళ్యాణమ్మ అంటే మన పిల్ల కాదు, ఆ రాయి. ఊళ్లో దానికి అదే పేరు. ఒంటి నిండా పసుపు, నుదురున్న చోట కుంకుమ. భూమి పండుగకు విత్తనాలు ముందు దాని ముందర పెట్టి ఆ తర్వాతే చేలోకి తీసుకుపోతారు. సర్వేయర్ పేరు కూడా కళ్యాణే అని తెలిసిన రోజు గూడెం గూడెమంతా నవ్వింది, అమ్మను కొలవడానికి అమ్మే వచ్చిందని. కళ్యాణీ నవ్వింది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. చదువుకున్న పిల్ల అయినా చెప్పులు విడిచింది. పదకొండు అడుగులు అలాగే ఉన్నాయి, కాలిలో పల్లేరు ముల్లు మాత్రం అదనంగా దిగింది.

ఆ ముల్లు తీసుకుంటూ ఇప్పటిదాకా చేసి చూసినవన్నీ మళ్లీ మొదటి నుంచి తలుచుకుంది. పోల్ వంకర ఉందేమోనని దాన్ని అటు ఇటు తిప్పి కొలిచింది. ఆకాశంలో శాటిలైట్లు సరిగ్గా లేవేమోనని నిన్న పొద్దున, మధ్యాహ్నం, ఇవాళ మళ్లీ కొలిచింది. చెట్ల కొమ్మలు అడ్డమా అంటే ఒడ్డు మీద ఆకాశం బోర్లించిన గిన్నెలా మొత్తం కనబడుతోంది. మిషన్ ఆపి మళ్లీ మొదలుపెట్టింది. ఇలాంటి తప్పేదైనా ఒకసారి ఇటు, ఒకసారి అటు పోవాలి. ఇది మాత్రం ప్రతిసారీ ఒకే వైపు, ఒకే దూరం. వంతెన దగ్గర సత్యహరిశ్చంద్రుడు, వాగు దగ్గరికి రాగానే అబద్ధాలకోరు ఎలా అవుతాడు? కళ్యాణి బుర్ర కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల కొట్టుకుంది.

ఎండ నడినెత్తికి వస్తుండగా అశ్వారావుపేట వైపు నుంచి కారొకటి వచ్చి ఆగింది. దిగింది అనిల్‌కుమార్, ఏజెన్సీ యజమాని. మధిర దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం, తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. మెత్తగా మాట్లాడతాడు. ఆ మెత్తదనంలోనే పని చేయించుకుంటాడు.

“ఏమ్మా కళ్యాణీ, అయిందా? సాయంత్రంలోగా రిపోర్టు పంపాలి, తెలుసుగా.”

“కాలేదు సార్. రెండు మిషన్లూ ఒకే తేడా చూపిస్తున్నయ్. వంతెన కాడ మంచిగనే ఉన్నయ్. ఇక్కడికొస్తే…”

“ఇక్కడికొస్తే నీకు కొలవడం రావట్లేదు. ఆడలేక మద్దెల ఓడంటే ఎట్లా?” అని నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి గొంతు తగ్గించాడు. “సరే, విను. మిషన్ బాలేదని రాశావనుకో, పని మన చేతిలోంచి పోతుంది. రాయి బాలేదని రాశావనుకో, ఆ ముసలాయన బోరు పోతుంది. అంత అవసరమా? బేస్ మిషన్‌ని ఈ రాయి మీదే పెట్టు. రికార్డులో ఉన్న అంకెలు దానికి కొట్టు. ఇక దానికి ఈ రాయే లోకం. తేడా సున్నా వస్తుంది. పామూ చావదు, కర్రా విరగదు.”

కళ్యాణి రాయి వైపు చూసింది. ఆయన చెప్పింది అసాధ్యం కాదు. అయిదు నిమిషాల పని. బేస్ మిషన్‌కు ‘నువ్వు ఫలానా చోట ఉన్నావు’ అని మనం చెప్తే అది నమ్ముతుంది, మిగతా మిషన్లన్నీ దాన్ని నమ్ముతాయి. మిషన్లు తెలివైనవే గానీ అమాయకమైనవి. బొజ్జయ్య బోరు బొజ్జయ్యకు ఉంటుంది. తన ఉద్యోగం తనకు ఉంటుంది. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఆమె మనసు అటే మొగ్గింది.

ఆ క్షణం దాటాక అడవికి అవతలి పక్క గుర్తొచ్చింది. బేస్ జరిగితే ఈ ఒక్క గీతే కాదు, అడవి చుట్టూ ఉన్న గీతలన్నీ పదకొండు అడుగులు అటే జరుగుతాయి. ఇవతల అడవి తగ్గితే అవతల అడవి పెరుగుతుంది. అవతల పున్నమ్మ మిరప తోట ఉంది. మొన్న ఆ తోటలోనే కూర్చుని మజ్జిగ తాగింది కళ్యాణి.

“అట్ల చేస్తే అవతలోల్ల భూములు పోతయ్ సార్.”

“అవతలివాళ్లు వచ్చి నిన్నడిగారా?”

అడగలేదు. అడగరు కూడా, వాళ్లకు తెలియదు కాబట్టి. అదే ఆమెకు మింగుడు పడలేదు. బొజ్జయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. మాటలు సగమే అర్థమయ్యాయి గానీ, బోరు అన్న మాట మాత్రం బాగానే వినబడింది.

అప్పుడు గుర్తొచ్చింది కళ్యాణికి, ఖమ్మంలో ట్రైనింగ్ ఇచ్చిన రిటైర్డ్ సర్వేయర్ ఒకాయన చెప్పిన సంగతి. పాత రోజుల్లో హద్దు రాయి పాతే ముందు గుంత అడుగున బొగ్గు పోసేవాళ్లట. బొగ్గు కుళ్లదు, చెద పట్టదు. రాయిని ఎవడైనా పీక్కుపోయినా అడుగున బొగ్గు సాక్ష్యం చెప్తుంది. క్లాసులో అందరూ అది విని ఆవలించారు. మిషన్లు వచ్చాక బొగ్గు ఎవడికి కావాలి?

“పెద్దయ్యా, గడ్డపార ఉన్నదా?”

రాయి పక్కన తవ్వాలనేసరికి జంపక్క అడ్డం వచ్చింది. అమ్మ కాళ్ల కింద తవ్వుడేందని. కళ్యాణి ఆమె చేయి పట్టుకుంది. “అమ్మను కదపనమ్మా. పక్క నుంచి చెయ్యి పెట్టి సూస్త, అంతే. నా పేరు గల అమ్మ, నామీద కోపం చెయ్యది.” జంపక్క కాసేపు చూసి, ఇంట్లోంచి టెంకాయ తెచ్చి కొట్టి, కానీయమంది.

బొజ్జయ్య పక్కగా తవ్వాడు. కళ్యాణి బోర్లా పడుకుని మోచేతి దాకా చేయి పెట్టి రాయి అడుగున తడిమింది. ఎర్రమన్ను. ఇంకా లోతుకు పోయింది. ఎర్రమన్ను, గులకరాళ్లు. బొగ్గు నలుసు లేదు.

లేచి, మిషన్ పట్టుకుని అది చెప్పే అసలు చోటుకు నడిచింది. చేలోపల, బోరుకు కొంచెం ఇవతల, కంది మొక్కల మధ్య స్క్రీన్ మీద తేడా సున్నా అయింది. అక్కడ మేకు కొట్టి, చుట్టూ ముగ్గు పోసింది. “ఇక్కడ తవ్వు పెద్దయ్యా.”

బొజ్జయ్య ముగ్గును చూశాడు, బోరును చూశాడు. గడ్డపార ఎత్తడానికి చేయి రాలేదు. “తవ్వాల్నా?” అన్నాడు. కళ్యాణి తల ఊపింది.

మోకాటి లోతు దాకా ఎర్రమన్నే. కళ్యాణికి లోలోపల సంతోషం మొదలైంది. మిషన్‌దే తప్పేమో, పోనీ, పరువు పోతే పోయింది, బోరు దక్కుతుంది. అంతలో గడ్డపార దేనికో తగిలి ఖణేల్‌మంది. చేతెడేసి రాళ్లు, గుండ్రంగా, నిలువుగా బిగించి ఉన్నాయి. వాటి మధ్య మన్ను తీస్తే నల్లగా నిగనిగలాడుతూ గంపెడు బొగ్గు.

“పోడు కొట్టి కాల్చిన భూమిలో బొగ్గు దొరక్క బంగారం దొరుకుతుందా?” అన్నాడు అనిల్‌కుమార్. అన్నాడు గానీ గుంతలోకి వంగి చూసి వెనక్కి జరిగాడు. పోడు బొగ్గు చేనంతా చల్లినట్టు ఉంటుంది. రాళ్లు బిగించిన గుంతలో కుప్పగా ఉండదు.

మిషన్ నిజమే చెప్పింది. రాయి ఒకప్పుడు ఇక్కడ ఉండేది. చిక్కు వీడితే మనిషికి తేలిక అనిపించాలి. కళ్యాణికి మాత్రం చిక్కు ఇప్పుడే మొదలైనట్టు అనిపించింది. బొజ్జయ్య భూమి మీద ఒట్టు పెట్టాడే!

“పెద్దయ్యా, రాయిని ఎవరూ జరపలే అన్నవ్ గద.”

“అవ్. ఎవరూ జరపలే.”

“మరి గీ బొగ్గేంది?”

బొజ్జయ్య పెండ్లాం వైపు చూశాడు. జంపక్క కొంగు బొడ్లో దోపుకుని ముందుకు వచ్చింది. దాచాల్సిన సంగతి అని ఆమెకు తోచనే లేదు, దేవత మహిమ చెప్తున్నట్టే చెప్పింది.

“ఎవరు జరుపుతరు బిడ్డా? అమ్మనే జరిగింది. నేను కండ్లార సూసిన. మా చేనుకు మొదటిసారి ట్రాక్టరు పెట్టిన నాడు, ముందు రాత్రి వాన పడ్డది. కిరాయి ట్రాక్టరు. దున్నుకుంట దున్నుకుంట ఒడ్డు కాడికొచ్చి జారింది. బురద గద, బిరేకు పట్టలే. సక్కగ వాగులకే పోతాంది. అప్పుడు అమ్మ ముందటి చక్రానికి అడ్డం పడ్డది. గుంతల నుంచి లేచి, బండి ముంగట జరుక్కుంట జరుక్కుంట పోయి, గాడ ఆగింది. అమ్మ ఆగంగనే బండి ఆగింది. ఇంక జానెడు పోతే ఆ డ్రైవరు దక్కకపోవు.”

“అమ్మ ఆగిన కాడనే నిలబెట్టినం” అన్నాడు బొజ్జయ్య. “ఆయన ఒక దిక్కు, నేను ఒక దిక్కు పట్టినం. ప్రాణం కాపాడిన జాగ ఇడిచి మళ్ల ఎనకకు తెస్తరా ఎవలన్న? గది జరిపినట్టా?”

అతని కళ్లలో దొంగతనం లేదు. తను అడిగిందానికి నిజమే చెప్పాననుకుంటున్నాడు. సర్కారు రాయి వెనక్కు పోవాలని ఈ భూమ్మీద ఇంకే ఊరివాడికైనా తోచేదేమో. వీళ్లకు మాత్రం అలా తోచడమే పాపం. బోరు వేయించేటప్పుడు కూడా అమ్మ పాదాల పక్కనే నీళ్లు పడతాయని అక్కడ వేయించారట. పడ్డాయి కూడా.

“అంటే బిడ్డా,” బొజ్జయ్య నెమ్మదిగా అడిగాడు, “బోరు పోయినట్టేనా?”

కళ్యాణికి ఏడుపొచ్చింది గానీ యజమాని ముందు ఏడవడం ఇష్టం లేక ఊరికే ఏదో ఒకటి అడగాలని అడిగింది.

“మరి అమ్మకు కళ్యాణమ్మ అని పేరెవరు పెట్టిన్రు?”

“ఆ డ్రైవరే” అంది జంపక్క. “ఆ దినం పొద్దుగూకకముందే కబురొచ్చింది, ఆయనకు ఇంటికాడ బిడ్డ పుట్టిందని. అమ్మ కాళ్ల మీద పడి ఏడ్సిండు. బిడ్డకు కళ్యాణి అని పెట్టుకుంట, నీకూ గదే పేరు తల్లీ అన్నడు. తొల్త పసుపు పెట్టింది ఆయనే. లంబాడాయన, కల్లూరు దిక్కు. రూప్‌సింగో ఏందో.”

కళ్యాణి చేతిలో మిషన్ బుడగ గీత దాటి ఒక మూలకు పోయింది. ఆమె తండ్రి పేరు రూప్‌సింగ్. కూలి పనికి పోయాడు, మేకలు కాశాడు, మేస్త్రీల దగ్గర పనిచేశాడు. ట్రాక్టరు తోలడం వచ్చని తండాలో అందరూ అంటారు గానీ, ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆయన ట్రాక్టరెక్కగా ఆమె చూడలేదు. ఎందుకు బా, అంటే నాన్నా, అని చిన్నప్పుడు అడిగితే, భయం బిడ్డా అని నవ్వేవాడు. ఏం భయమో ఇన్నేళ్లకు ఒక లంబాడా పిల్లకు ఒక కోయ ముసలమ్మ చెప్పాల్సి వచ్చింది.

అనిల్‌కుమార్ కనిపెట్టేశాడు. ఆమె సర్టిఫికెట్లన్నీ ఆయన ఆఫీసులోనే ఉన్నాయి మరి. “మీ నాన్నగారి పేరు కదమ్మా అది?” అన్నాడు, ఇంకా మెత్తగా. “రాయి జరిపింది సర్వేయర్ తండ్రి. రాయి జరిగిందని కనిపెట్టింది సర్వేయర్. ఇది బయటికి పోతే నీ పరీక్షని ఎవడు నమ్ముతాడు? నా మాట విను. రాయి మీద బేస్ పెట్టు. మీ నాన్న పేరూ రాదు, వీళ్ల బోరూ పోదు.”

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నిజం రాస్తే తనను కన్న తండ్రి ప్రాణం కాపాడిన అమ్మను కొలుచుకునేవాళ్ల నీళ్లు తానే తీసేసినట్టు. రాయకపోతే పున్నమ్మ తోట. ఈ బొజ్జయ్యే ఆనాడు బురదలో దిగి తన తండ్రితో పాటు రాయి ఎత్తాడు. ఆయనకు ఇప్పుడు ఏ మొహంతో చెప్పాలి?

కళ్యాణి ఫోన్ తీసింది. “దాచేది లేదు సార్. అందరి ముందటనే అడుగుత” అని స్పీకర్ పెట్టింది. బొజ్జయ్య, జంపక్క దగ్గరకు జరిగారు. అవతల తండ్రి గొంతు, వెనకాల మేకల అరుపులు. లంబాడీలో మొదలుపెట్టబోయి, అందరికీ అర్థం కావాలని తెలుగులోకి మారింది.

“బా, నేను ఇప్పలగూడెంల ఉన్న. నేను పుట్టిన నాడు నువ్వు ఇక్కడ ట్రాక్టరు తోలినవట గద.”

రూప్‌సింగ్ మేకలను అదిలించాడు. మేకలు అరుస్తూనే ఉన్నాయి.

“ఎవరు చెప్పిన్రు?”

“బొజ్జయ్య పెద్దయ్య, జంపక్క అమ్మ. నా పక్కనే ఉన్నరు. బా, తిట్టడానికి అడుగుతలేను. ఆ దినం నువ్వు సర్కారు రాయి జాగ మార్చి పాతినవా? నిజం చెప్పు.”

“ఏ రాయి బిడ్డా?” అన్నాడు రూప్‌సింగ్. “వాగు కాడిదా, గుట్ట కిందిదా?”

బొజ్జయ్య గడ్డపార కింద పెట్టాడు. అనిల్‌కుమార్ మొహంలో నవ్వు పోయింది. గీతకు రెండు కొసలు. ఇప్పటిదాకా ఒక కొసే పరీక్షించారు. రెండో కొస కూడా జరిగిందంటే గీత ఎటు పోతుందో, బోరు ఏ పక్కన పడుతుందో చెప్పగలిగేవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. కళ్యాణి గుట్ట వైపు చూసింది. అక్కడ చెట్లు దట్టం, మిషన్‌కు ఆకాశం కనబడదు.